డిఫరెంట్ పక్కన ఏం రాయాలి?

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నీ థీసిస్ చిత్తుప్రతి మూడు అధ్యాయాలూ చదివాను. ఒకే మాట పక్కన మూడు రకాలుగా రాశావు: ఒకచోట డిఫరెంట్ ఫ్రమ్, ఒకచోట డిఫరెంట్ టు, ఇంకోచోట డిఫరెంట్ దేన్. ఏది తప్పని అడిగావు. విడివిడిగా చూస్తే మూడింట్లో ఏదీ పచ్చి తప్పు కాదు. ఒకే థీసిస్‌లో మూడూ ఉండటమే తప్పు. అన్నిచోట్లా ఫ్రమ్ పెట్టు. అయితే ఎలా పెట్టాలో తెలియకుండా మారిస్తే కొత్త తప్పులు వస్తాయి, అందుకే ఇంత ఉత్తరం.

ఫ్రమ్ ఎవరికీ పంటికింద రాయిలా తగలదు. లండన్‌లో చదివేవాళ్ళు, న్యూయార్క్‌లో చదివేవాళ్ళు, మన దగ్గర పేపర్లు దిద్దేవాళ్ళు అందరూ దాన్ని ఒప్పుకుంటారు. టు బ్రిటన్‌లో, ముఖ్యంగా మాటల్లో, బాగా వినిపిస్తుంది కానీ అమెరికావాళ్ళకు వింతగా ఉంటుంది. దేన్ అమెరికాలో మామూలే, బ్రిటిష్ ఎడిటర్ కంటపడితే మాత్రం ఎర్రగీత పడుతుంది. నీ వ్యాసం రేపు ఏ దేశపు జర్నల్‌కి వెళ్తుందో నీకే తెలియదు కదా.

ఫ్రమ్ ఒక్కటే శుద్ధం, తక్కినవి భ్రష్టం అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకు. డిఫర్ అనే మాటకు లాటిన్ మూలంలో విడిగా మోసుకుపోవడం అని అర్థం, కాబట్టి ఫ్రమ్మే రావాలని వాళ్ళ వాదన. అలాగైతే విముఖం అనే అర్థంలో వాడే అవెర్స్‌కి మూలం అటు తిరిగిపోవడం. దాని పక్కనా ఫ్రమ్ రావాలిగా? దాదాపు అందరూ అవెర్స్ టు అనే రాస్తారు. 17వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో డిఫరెంట్ పక్కన ఈ మూడూ వాడుకలో ఉన్నాయి. టు రాయకూడదనడం వట్టి మూఢనమ్మకమని ఇంగ్లీషు వాడుకలో పండితుడైన ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో తేల్చేశాడు.

మన కలం దేన్ వైపు జారడానికి కారణం వేరే ఉంది. చిన్నప్పుడు వల్లెవేసిన విభక్తులు గుర్తు తెచ్చుకో: వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి. పోలికకు వాడే కంటె కూడా ఆ వరసలోనే ఉంది. 'ఇది దానికంటే వేరు' అని మనసులో అనుకుంటాం, కంటేకి ఇంగ్లీషులో దేన్ అని బళ్ళో నేర్చుకున్నాం, అదే రాసేస్తాం. 'దానికి భిన్నంగా' అనుకున్న రోజున టు రాస్తాం. నీ చిత్తుప్రతిలో మూడు రకాలూ ఉండటానికి ఇదే కారణమని నా అనుమానం. మన విభక్తిని చూసి ఇంగ్లీషు ప్రిపొజిషన్ ఎంచుకోకు. అది ఆ మాటతో పాటు వచ్చేది, మాటతో పాటే నేర్చుకోవాలి.

ఇక మార్చే పద్ధతి. కంప్యూటర్లో రీప్లేస్ ఆల్ నొక్కి దేన్ తీసి ఫ్రమ్ పెట్టెయ్యకు. రెండో అధ్యాయంలో నీ వాక్యం ఇది: 'ద యీల్డ్ వజ్ డిఫరెంట్ దేన్ వి ఎక్స్‌పెక్టెడ్'. దేన్ తర్వాత కర్తా క్రియా ఉన్న పూర్తి వాక్యం రావచ్చు. ఫ్రమ్ తర్వాత అలా నిలబడదు, దానికి నామవాచకమో సర్వనామమో కావాలి. ఊరికే మాట మారిస్తే 'ఫ్రమ్ వి ఎక్స్‌పెక్టెడ్' అని వాక్యం విరిగిపోతుంది. మధ్యలో వాట్ పెట్టాలి: 'డిఫరెంట్ ఫ్రమ్ వాట్ వి ఎక్స్‌పెక్టెడ్'. డిఫరెంట్లీ అయితే 'ఫ్రమ్ ద వే' అని పెట్టి తర్వాత వాక్యం రాయి. అలా పెట్టినా వాక్యం కుంటుతుంటే దాన్ని మొత్తం తిరగరాయడమే మేలు.

రెండు మాటల మధ్య నామవాచకం దూరినప్పుడు చెయ్యి ఎక్కువగా జారుతుంది. 'ఎ డిఫరెంట్ మెథడ్ ఫ్రమ్ అవర్స్' అన్నప్పుడు, మెథడ్ రాసేసరికి వెనక డిఫరెంట్ ఉందన్న సంగతే మరచిపోయి దేనో టూనో పెడతాం. మాట దూరమైనా ఫ్రమ్ మారదు.

ఇంకో తప్పు ప్రిపొజిషన్‌ది కాదు గానీ దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. 'నల్లరేగడి నీటిశాతం ఎర్రనేలకంటే వేరు' అని తెలుగులో అంటే ఎవరూ తప్పు పట్టరు. నువ్వు ఇంగ్లీషులోనూ అలాగే బ్లాక్ సాయిల్ నీటిశాతం 'డిఫరెంట్ ఫ్రమ్ రెడ్ సాయిల్' అని రాశావు. నీటిశాతాన్ని నేలతో పోల్చినట్టయింది. 'ఫ్రమ్ దట్ ఆఫ్ రెడ్ సాయిల్' అనాలి. పోల్చేది బహువచనమైతే 'ఫ్రమ్ దోజ్ ఆఫ్'. ఇది మూడో అధ్యాయంలో ఐదు చోట్ల ఉంది, పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. పరీక్షకులు ముందుగా పట్టుకునేది దీన్నే.

నీ పట్టికల కింది వాక్యాల్లో ఫ్రమ్, ఇన్, ఎట్ మూడూ కలిసి వస్తాయి, వాటి పనులు వేరు. దేనితో పోలుస్తున్నావో దానికి ఫ్రమ్, ఏ విషయంలో తేడా ఉందో దానికి ఇన్, ఏ స్థాయిలో తేలిందో దానికి ఎట్. 'సిగ్నిఫికెంట్లీ డిఫరెంట్ ఫ్రమ్ ద కంట్రోల్ ఇన్ హైట్ ఎట్ ద 5 పర్సెంట్ లెవెల్' అని రాస్తే సరిపోతుంది. వేర్వేరు, రకరకాలు అనే అర్థంలో, 'ఫోర్ డిఫరెంట్ విలేజెస్' లాంటి చోట, పక్కన ఏదీ అక్కర్లేదు.

దీని చుట్టాల సంగతి. డిఫర్ అనే క్రియకు ఈ స్వేచ్ఛ లేదు, రెండు వస్తువులకు తేడా ఉందని చెప్పడానికి ఫ్రమ్ ఒక్కటే. డిఫర్ విత్ అంటే మనిషితో అభిప్రాయభేదం. డిఫరెన్స్ పక్కన బిట్వీన్ రాస్తే రెండో పేరు ముందు యాండ్ రావాలి, టు కాదు. 'బిట్వీన్ 10 టు 15' అని మనవాళ్ళు ఇష్టంగా రాస్తుంటారు. 'బిట్వీన్ 10 యాండ్ 15' అను, లేదా 'ఫ్రమ్ 10 టు 15' అను. దిగుబడిలో తేడా అయితే డిఫరెన్స్ ఇన్, 3 క్వింటాళ్ళ తేడా అయితే డిఫరెన్స్ ఆఫ్. ఇన్‌డిఫరెంట్‌కి అర్థమే వేరు, దానికి టు.

కంటే అనుకుని దేన్ రాసే ఇంకో గుంపు ఉంది: సుపీరియర్, ఇన్ఫీరియర్, సీనియర్, జూనియర్, ప్రయర్. ఇవి లాటిన్ నుంచి వచ్చిన పోలిక మాటలు, వీటికి టు మాత్రమే. పోలిక మాటలోనే ఉంది కాబట్టి మోర్ సుపీరియర్ అని కూడా అనకూడదు. ప్రిఫర్‌కీ టూనే. అదర్‌కి మాత్రం దేన్ కావాలి. డిఫరెంట్ అర్థంలో అదర్‌కి దగ్గర కావడం వల్లే దేన్ దానికీ అంటుకుని ఉంటుంది.

సరిచూడటానికి కూర్చున్నప్పుడు ఫైండ్ పెట్టెలో డిఫరెంట్ అని పూర్తిగా కొట్టకు. డిఫర్ వరకే కొట్టు. డిఫర్స్, డిఫరెన్స్, డిఫరెంట్లీ, ఇన్‌డిఫరెంట్ అన్నీ దొరుకుతాయి. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, తర్వాత వచ్చే ప్రిపొజిషన్‌ని, దాని తర్వాతి మాటని కూడా చూడు. రెండోసారి దేన్ అని వెతుకు, మోర్ దేన్, లెస్ దేన్ లాంటివి వదిలేసి మిగిలినవి చూసుకో. మొదలుపెట్టే ముందు ఫైలు భాష బ్రిటిష్ ఇంగ్లీషో అమెరికనో ఒకటి నిర్ణయించి అదే పెట్టుకో. లేకపోతే గీతలు గీసే ఆ యంత్రం నిన్ను తికమక పెడుతుంది. ఒకరి మాటల్ని ఉన్నవి ఉన్నట్టుగా ఇచ్చిన చోట దేన్ ఉంటే తాకకు, అది వాళ్ళది.

మొదటి అధ్యాయం 14వ పేజీలో 'నో డిఫరెంట్ ఫ్రమ్' అని ఉంది చూడు, దాన్ని కొట్టేసి పక్కన ప్రశ్నగుర్తు పెట్టుకున్నావు. అది సరైనదే, అలాగే ఉంచు.

ఆశీస్సులతో,
పెదనాన్న