మందు చేతికివ్వడం తప్ప ఆస్తమాకి ఫార్మసిస్టు ఇంకేం చేయగలడు?

అమెరికాలో హిస్పానిక్ రోగుల (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, లాటినోలు అని కూడా అంటారు) ఆస్తమా తగ్గించడంలో ఫార్మసిస్టుకి నిజంగా పాత్ర ఉందా అని అడిగారు. ఉంది. నేను న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో ఒక చిన్న మందుల షాపులో పనిచేస్తాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్యూర్టోరికో, డొమినికన్ కుటుంబాలవాళ్లే.

ముందుగా, హిస్పానిక్ అని అందర్నీ ఒకే గాటన కట్టకండి. ప్యూర్టోరికన్లలో ఆస్తమా చాలా ఎక్కువ, మెక్సికన్ మూలాలవాళ్లలో తక్కువ.

డాక్టరుకి కనబడనిది మాకు కనబడుతుంది: రిఫిల్ రికార్డు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఆల్బ్యుటెరాల్ డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి. ఏడాదికి మూడు డబ్బాలు వాడుతున్నారంటేనే ప్రమాద సంకేతం. కొందరు నెలకొకటి తీసుకెళ్తారు, రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మాత్రం కౌంటర్ వెనకే ఉండిపోతుంది. అడిగితే, స్టెరాయిడ్ అంటే భయం అంటారు, అలవాటైపోతుందంటారు. (మన ఇళ్లలో వినని మాటా ఇది?) చాలా ఇళ్లలో నిర్ణయం అమ్మమ్మది. ఆవిడ నమ్మేది సియెతె హరాబెస్ అనే సిరప్‌ని. దాన్ని తీసిపారేస్తే మళ్లీ షాపుకే రారు. అదీ తాగండి, ఇదీ పీల్చండి అని నాకొచ్చిన కౌంటర్ స్పానిష్‌లో చెప్తాను, స్పేసర్ (మందు సరిగ్గా లోపలికి వెళ్లేలా ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి పీల్చి చూపించమంటాను. పదేళ్ల పిల్లాడిచేత అనువాదం చేయించడం మాత్రం ఒప్పుకోను.

2022లో వచ్చిన ప్రిపేర్ అధ్యయనంలో నల్లజాతి, లాటినో పెద్దవాళ్లు సుమారు 1,200 మంది ఉన్నారు. ఆయాసానికి పీల్చిన ప్రతిసారీ స్టెరాయిడ్ పఫ్ కూడా పీల్చినవాళ్లలో తీవ్రమైన దాడులు దాదాపు 15% తగ్గాయి. రోజూ వాడమంటే వాడనివాళ్ల డాక్టరుకి ఫోన్ చేసి ఈ పద్ధతి గుర్తు చేయడం కూడా మా పనే. 2024 మొదట్లో ఫ్లోవెంట్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మార్కెట్లోంచి పోయినప్పుడైతే బదులు మందు రాయించడానికి, ఇన్సూరెన్స్‌వాళ్లని ఒప్పించడానికి రోజంతా ఫోన్ల మీదే గడిచేది.

బొద్దింకలు, గోడల బూజు, ఇక్కడి హంట్స్ పాయింట్ హోల్‌సేల్ ఆహార మార్కెట్‌కి వచ్చిపోయే లారీల పొగ మా చేతిలో లేవు. అయినా 2018 నాటి న్యూయార్క్ నగర 55వ నంబరు స్థానిక చట్టం ప్రకారం బొద్దింకల్నీ బూజునీ వదిలించాల్సింది ఇంటి ఓనరే, నగర ఫిర్యాదుల నంబరు 311కి ఫోన్ చేయండి అని చెప్తుంటాను.

చిక్కల్లా డబ్బు దగ్గరే. డబ్బా ఇస్తే ఇన్సూరెన్స్ చెల్లిస్తుంది గానీ, పక్కన నిలబడి పీల్చడం నేర్పిన సమయానికి మా షాపుకి ఏమీ రాదు. వెనక లైను పెరిగిపోతున్న రోజున ముందుగా కోత పడేది ఆ మాటలకే.