తలుపు తెరుచుకుంటే తెరుచుకోనీ

పాపా,

నీకు సోలో క్రాస్‌కంట్రీ, అంటే ఒక్కదానివే విమానం నడుపుకుంటూ వేరే ఊరి ఎయిర్‌పోర్టుకు వెళ్లడం, వేశారని, మన కర్నూలు దగ్గరి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో దిగుతావని మీ నాయన ఫోన్ చేసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పి వచ్చాననుకో, అది వేరే సంగతి.

చెక్‌లిస్టు నీకు నేను నేర్పేదేముంది? నీది సెస్నా 172 ఎస్ కాబట్టి ఇంజిన్ ఆగితే ముక్కు దించి 68 నాట్ల స్పీడు పట్టు, చోటు చూసుకో. ఎత్తుంటే ఫ్యూయల్ సెలెక్టర్, మిక్స్చర్, పంపు, మాగ్నెటోలు చూడు. ట్రాన్స్‌పాండర్‌లో ఆపద కోడ్ 7700 పెట్టి రేడియోలో మేడే చెప్పు. టేకాఫ్ కాగానే ఆగితే మాత్రం వెనక్కి తిప్పొద్దు, ఎదురుగానే దిగు.

నా భయం ఇంజిన్ గురించి కాదు. నేను ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్‌గా ఉన్నప్పుడు ఒక కుర్రవాడు ఉండేవాడు, చెయ్యి తిరిగినవాడే. టేకాఫ్ అయి కాస్త ఎక్కాడో లేదో కుడి తలుపు గడియ ఊడింది. సెస్నా తలుపు ఊడినా బార్లా తెరుచుకోదు. గాలే నొక్కిపెడుతుంది, రెండు మూడంగుళాల సందు ఉంటుంది, అంతే. విమానం ఎగురుతూనే ఉంటుంది. కానీ ఆ రొదకు గుండె గుభేలుమంటుంది. వీడు అటు వంగి ఒక చేత్తో తలుపు లాగుతుంటే రెండో చేతిలోని స్టీరింగ్, అదే యోక్, కూడా వెనక్కి వచ్చింది. హ్యాంగర్ ముందు నిలబడి చూస్తున్నాను, ముక్కు లేస్తోంది, స్పీడు చస్తోంది. రెక్కలకు ఎత్తే బలం పోబోతోందని స్టాల్ హారన్ మోగాక తేరుకుని ముక్కు దించాడు గానీ ఎత్తు చాల్లేదు, రన్‌వే అవతల చేలో పడ్డాడు. ముక్కు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ వంగింది, వాడికి దెబ్బ తగల్లేదు. తర్వాత ఆ గడియ విప్పి చూశాను. ఏ లోపమూ లేదు, సరిగ్గా వెయ్యలేదు, అంతే.

నీ బుద్ధి నాకు తెలుసు. నా రేడియో విప్పి స్క్రూలన్నీ మంచం కింద పోగొట్టినదానివి. ఏదైనా చెడితే నీ చేతులు ఊరుకోవు. పైన ఊరుకోవాలి. తలుపు సంగతి దిగాక చూసుకుంటారు.

కరెంటు చేసే ఆల్టర్నేటర్ చెడి లో వోల్ట్స్ లైటు వెలిగినా అంతే. ఇంజిన్‌కు స్పార్క్ ఇచ్చేది మాగ్నెటోలు, బ్యాటరీ కాదు. చెక్‌లిస్టు ప్రకారం చూసి, అక్కర్లేనివి ఆపేసి దగ్గరి రన్‌వేకి రా. రెక్కల వెనక దిగే ఫ్లాప్స్ కరెంటుతో నడిచేవి కదా, అవి లేకుండా దిగడం నేర్పించారా? లేకపోతే బయల్దేరకముందే అడిగి నేర్చుకో.

మన దిక్కు పొలాల సంగతి అక్కడ ఎవరు చెప్తారు! నంద్యాల వైపు నల్లరేగడి, వాన పడితే చక్రం దిగబడి విమానం పల్టీ కొడుతుంది. వేరుశనగ పీకేసిన ఎర్రచేను మేలు, సాళ్ల వెంబడే దిగు. గని ఊరి దగ్గర సోలార్ పలకలు ఎకరాలకు ఎకరాలు, ఆ చుట్టుపక్కల కరెంటు లైన్లు. తీగలు పైకి కనబడవు, స్తంభాల వరస వెతుక్కో. చేలో దిగాల్సివస్తే నేల తాకే ముందే తలుపు గడియ తీసిపెట్టు, బాడీ వంగితే ఇరుక్కుపోతుంది. అవును, ఇప్పుడు తియ్యమంటున్నది నేనే. నవ్వకు.

దిగాక ఇంజిన్ రఫ్‌గా నడిచినట్టు ఏమాత్రం అనిపించినా లోపం ఉందని స్నాగ్ రాయి. మెకానిక్ విసుక్కుంటే విసుక్కోనీ, నేనూ విసుక్కునేవాణ్ణే. వచ్చే రోజు ముందే చెప్తే పెద్దమ్మ ఓళిగలు చేస్తుందంట. నేను గేటు బయట ఉంటా.

పెద్దనాయన