అమెరికాలో వడ్డీ పెరిగితే జాంబియాకెందుకు కష్టం? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికాలో వడ్డీ రేట్లు పెంచగానే ఎక్కడో ఉన్న పేద దేశాలు కష్టాల్లో పడ్డాయని చదువుతుంటాం. మా లెక్చరర్ మాత్రం అదంతా సాకు, ఆ దేశాల్లో పాలన బాగోలేకపోవడమే అసలు కారణం అంటారు. ఏది నిజం?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మీ లెక్చరర్ గారి మాటలో కొంత నిజం ఉందమ్మా. శ్రీలంకనే చూడండి, 2019 చివర్లో పన్నులు బాగా తగ్గించేశారు, 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించారు, ఈ రెండూ బయటివాళ్లు చేయించినవి కావు. కానీ అక్కడితో ఆగిపోతే సగమే చెప్పినట్టు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో ఘనా ఆపేసింది, ఆ మరుసటి డిసెంబర్‌లో ఇథియోపియా బాండ్ (మార్కెట్లో అమ్మి అప్పు తెచ్చుకునే పత్రం) వడ్డీ కట్టలేకపోయింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇన్ని దేశాల్లో పాలన ఆ రెండేళ్లలోనే ఒక్కసారిగా పాడైపోయిందంటే నేను నమ్మను.

జరిగేదేమిటంటే, ఈ దేశాల విదేశీ అప్పులో పెద్ద భాగం డాలర్లలో ఉంటుంది, ప్రభుత్వానికి వచ్చే పన్నులేమో సొంత కరెన్సీలో వస్తాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) 2022 మార్చి దాకా సున్నాకి దగ్గరగా ఉంచిన రేటుని 2023 జులైకల్లా 5.25–5.5 శాతానికి తీసుకెళ్లింది. అమెరికాలోనే మంచి వడ్డీ వస్తుంటే పెట్టుబడి పెట్టేవాళ్లు డబ్బు అటు తరలిస్తారు, పేద దేశాల కరెన్సీ పడిపోతుంది, కొత్తగా ఒక్క డాలర్ కూడా అప్పు తేకపోయినా పాత అప్పే సొంత కరెన్సీలో బరువెక్కుతుంది, దాంతోపాటు చమురు, ఎరువులు, మందులు అన్నీ ప్రియమవుతాయి. ఇది కొత్తేమీ కాదు. 1979 తర్వాత ఫెడ్ అధిపతి పాల్ వోల్కర్ హయాంలో ఫెడ్ రేట్లు విపరీతంగా పెంచింది, 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనని చేతులెత్తేసింది, ఆ వెనకే లాటిన్ అమెరికాలో చాలా దేశాలు అదే దారి పట్టాయి. ఆ దేశాల జనం ఆ దశాబ్దాన్ని ఇప్పటికీ ‘కోల్పోయిన దశాబ్దం’ అనే అంటారు.

ప్రశ్న: ఐఎంఎఫ్ (కష్టాల్లో ఉన్న దేశాలకి షరతుల మీద అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గరికి వెళ్లడమంటే దేశాన్ని తాకట్టు పెట్టడమే కదా? వెళ్లకుండా ఉండలేరా?
– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఉండగలిగినవాళ్లు ఉన్నారండీ. 1997 ఆసియా సంక్షోభంలో థాయ్‌లాండ్, ఇండోనేషియా, దక్షిణ కొరియా ఐఎంఎఫ్ అప్పు తీసుకున్నాయి, మలేషియా తీసుకోలేదు. 1998 సెప్టెంబర్‌లో డబ్బు దేశం దాటకుండా ఆంక్షలు పెట్టి, డాలర్‌కి 3.80 రింగిట్లని రేటు కట్టేసింది. అప్పుడు చాలామంది తప్పుబట్టారు గానీ ఆ దేశం కోలుకుంది. కాకపోతే మలేషియాకి స్వల్పకాలిక విదేశీ అప్పు మిగతా వాళ్లంత లేదు, అందుకే ఆ ధైర్యం చేయగలిగింది. కొద్ది వారాల దిగుమతులకి సరిపడా డాలర్లు మాత్రమే మిగిలిన దేశానికి ఆ వెసులుబాటు ఉండదు. 1991లో మన దేశం బంగారాన్ని బయటికి పంపి అప్పు తెచ్చుకుంది కూడా అలాంటి పరిస్థితిలోనే.

కాబట్టి వెళ్లాలా వద్దా అన్నదానికంటే, వెళ్లాక ఏ షరతులకి ఒప్పుకుంటున్నారన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఇండోనేషియాలో 1997 నవంబర్‌లో ఐఎంఎఫ్ షరతు ప్రకారం 16 బ్యాంకులు ఒకేసారి మూయించారు, డిపాజిట్లన్నిటికీ పూర్తి భరోసా ఇవ్వలేదు, జనం భయపడి బాగున్న బ్యాంకుల్లోంచి కూడా డబ్బు తీసేసుకున్నారు. 1998 మేలో ఇంధన సబ్సిడీ తగ్గిస్తే వీధుల్లో అల్లర్లు చెలరేగాయి, అదే నెలలో అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాడు. షరతు రాసిన అధికారులకి అది కాగితం మీద ఒక లైను, అక్కడ బతికేవాళ్లకి బస్సు చార్జీ, కిరోసిన్.

ప్రశ్న: అప్పు కట్టలేమని తేలిపోయాక కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుంది కదా. జాంబియాకి ఏళ్లు పట్టిందట, ఎందుకు?
– ఒక గృహిణి

జవాబు: మీరడిగింది చాలా ముఖ్యమైన విషయం, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఒకప్పుడు అప్పు ఇచ్చింది ఎక్కువగా పాశ్చాత్య ప్రభుత్వాలు, పెద్ద బ్యాంకులు. ప్రభుత్వాలన్నీ 1956లో మొదలైన ప్యారిస్ క్లబ్‌లో కలిసి మాట్లాడుకునేవి. ఇప్పుడలా లేదు. జాంబియా విషయమే తీసుకుంటే ఒకపక్క ప్యారిస్ క్లబ్ దేశాలు, ఒకపక్క చైనా ప్రభుత్వ బ్యాంకులు, ఇంకోపక్క ప్రపంచమంతా చెల్లాచెదురుగా ఉన్న బాండ్లు కొన్నవాళ్లు. ‘నాకు రావాల్సింది నేను తగ్గించుకుంటే ఆ లాభం అవతలివాడికి పోతుంది’ అన్నది వీళ్లందరి అనుమానం, అందుకని ఎవరికి వాళ్లు ముందు పక్కవాడు తగ్గాలని చూస్తారు.

జాంబియా 2020 నవంబర్‌లో బాండ్ వడ్డీ కట్టలేకపోయింది. అదే నెలలో జీ20 దేశాలు ఇలాంటి కేసుల కోసం కామన్ ఫ్రేమ్‌వర్క్ అని ఒక పద్ధతి ప్రకటించాయి, జాంబియా 2021 మొదట్లోనే దానికి దరఖాస్తు పెట్టుకుంది. అప్పిచ్చిన ప్రభుత్వాలతో 630 కోట్ల డాలర్ల మీద ఒప్పందం కుదిరేసరికి 2023 జూన్ వచ్చింది. తర్వాత బాండ్లవాళ్లతో ఒక ఒప్పందం కుదిరితే, వాళ్లు తగ్గించుకున్నది చాలదని అప్పిచ్చిన ప్రభుత్వాల కమిటీ కాదంది, మళ్లీ మొదలుపెట్టి 2024 జూన్‌కి గానీ ఆ బాండ్ల మార్పిడి (పాత బాండ్లిచ్చి కొత్త షరతుల బాండ్లు తీసుకోవడం) పూర్తవలేదు. మూడున్నరేళ్లు! ఈలోగా ఆ దేశానికి బయట కొత్త అప్పు దొరకడం కష్టం, పెట్టుబడి పెట్టేవాళ్లు ఆగి చూస్తుంటారు, ఆస్పత్రులకీ బళ్లకీ ఖర్చు పెట్టాలంటే చేతిలో డబ్బుండదు. ఆలస్యం వల్ల అప్పిచ్చినవాడికి పోయేది వడ్డీ లెక్కలో ఉంటుంది, తీసుకున్నవాడికి మాత్రం ఒక తరం పిల్లల చదువు దెబ్బతింటుంది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

ఒప్పందం ఇష్టంలేక బయటే ఉండిపోయి కోర్టుకెక్కేవాళ్లు ఇంకో సమస్య. అర్జెంటీనా 2001లో అప్పు ఎగ్గొట్టాక 2005లో, 2010లో చేసిన మార్పిడులకి 90 శాతానికి పైగా బాండ్లవాళ్లు ఒప్పుకున్నారు. మిగిలినవాళ్లలో, బాండ్లని చౌకగా కొని పూర్తి సొమ్ము కావాలన్న ఫండ్లు న్యూయార్క్ కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడాయి, 2012లో ఘనా రేవులో ఉన్న అర్జెంటీనా నౌకాదళ ఓడని కూడా ఆపించాయి. చివరికి 2016లో ఆ దేశం వాళ్లతో సెటిల్ చేసుకోక తప్పలేదు.

త్వరగా, ఉదారంగా చేయడం అసలు కుదరదా అంటే కుదిరిన సందర్భం ఉంది. 1953లో లండన్‌లో పశ్చిమ జర్మనీ అప్పుని దాదాపు సగానికి తగ్గించారు, మిగిలింది ఎగుమతుల మిగులులోంచి కట్టేలా ఏర్పాటు చేశారు. అప్పుడు ఉదారంగా ఉన్న దేశాల్లో గ్రీసు కూడా ఉంది. సోవియట్ యూనియన్ ఎదురుగా ఉన్నప్పుడు పశ్చిమ జర్మనీ నిలబడడం పాశ్చాత్య దేశాలకి అవసరం, అందుకే ఆ మనసు వచ్చింది. జాంబియా నిలబడడం ఎవరికీ అంత అవసరం అనిపించలేదు.

ప్రశ్న: ఐఎంఎఫ్‌లో సరే, డబ్బున్నవాడి మాటే చెల్లుతుంది. డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం కదా, అక్కడైనా పేద దేశాలు గెలవొచ్చు కదా?
– ఒక రైతు సంఘం కార్యకర్త

జవాబు: ఐఎంఎఫ్ గురించి మీరన్నది నిజమే. పెద్ద నిర్ణయాలకి 85 శాతం ఓట్లు కావాలి, ఒక్క అమెరికా చేతిలోనే దాదాపు 16.5 శాతం ఉన్నాయి, అంటే అది వద్దంటే ఆగిపోతుంది. 2021 ఆగస్టులో కోవిడ్ సాయంగా 65 వేల కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు (అవసరమైతే డాలర్లలాంటి కరెన్సీగా మార్చుకోగల ఐఎంఎఫ్ హక్కులు) పంచినప్పుడు కూడా కోటాల ప్రకారమే, అంటే ఐఎంఎఫ్‌లో ఒక్కో దేశానికున్న వాటా ప్రకారమే పంచారు, దాంతో అవసరం లేని దేశాలకే ఎక్కువ వాటా వెళ్లింది.

డబ్ల్యూటీవోలో ‘వద్దు’ అనే బలం మాత్రం అందరికీ ఉంది. ‘కావాలి’ అన్నది సాధించుకోవడమే కష్టం. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ అనే నాలుగు పత్తి దేశాలు 2003లోనే అమెరికా లాంటి దేశాలు తమ పత్తి రైతులకిచ్చే సబ్సిడీలు ఆపమని అడిగాయి. ఎగుమతి సబ్సిడీల మీద తర్వాత కొంత కదలిక వచ్చింది గానీ దేశం లోపల రైతులకిచ్చే సబ్సిడీల సంగతి ఇప్పటికీ తేలలేదు. 2008 జులైలో జెనీవాలో దోహా చర్చలు (కొత్త వాణిజ్య ఒప్పందం కోసం డబ్ల్యూటీవో జరిపినవి) విరిగిపోవడానికి ఒక ముఖ్య కారణం, దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే రైతుని కాపాడుకోవడానికి అదనపు సుంకం ఎప్పుడు వేయొచ్చన్న పేచీ. 40 శాతం పెరిగాకే అన్న ప్రతిపాదన వచ్చింది, అప్పటిదాకా ఆగితే చిన్న రైతు మునిగిపోతాడని ఇండియా ఒప్పుకోలేదు. ఇండియా పట్టుదల సరైందేనని నా అభిప్రాయం. కానీ ఒకటి మర్చిపోకూడదు, ఎగుమతులు చేసుకునే బ్రెజిల్ ఆ ప్యాకేజీకి ఒప్పుకుంది. వర్ధమాన దేశాలన్నీ ఒకే మాట మీద ఉంటాయనుకుంటే పొరపాటు, అమ్మే దేశం అవసరం వేరు, కొనే దేశం అవసరం వేరు.

ప్రశ్న: ఇన్ని చెప్తారు, మరి బాగుపడే దారేమైనా కనిపిస్తోందా? చదివితే టెన్షన్ తప్ప ఏం రావట్లేదు.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జవాబు: టెన్షన్ పడాల్సిన విషయమేనండీ. సొంత జనం ఆరోగ్యం మీదో చదువు మీదో పెట్టే ఖర్చుకంటే అప్పుల వడ్డీకే ఎక్కువ కట్టే దేశాల్లో 340 కోట్ల మంది బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి సంస్థ అంక్టాడ్ 2025లో లెక్క చెప్పింది. కానీ చిన్న చిన్న మార్పులు వస్తున్నాయి, అవి పనిచేస్తున్నాయి కూడా. గ్రెనడా అనే చిన్న ద్వీప దేశం 2015లో అప్పుల ఒప్పందం మార్చుకున్నప్పుడు, తుఫాను కొడితే వాయిదాలు కొంతకాలం ఆపుకోవచ్చని అందులో రాయించుకుంది. 2024లో బెరిల్ హరికేన్ వచ్చినప్పుడు ఆ నిబంధనని వాడుకుని, వాయిదా కట్టాల్సిన డబ్బు చేతిలో ఉంచుకుంది. 2025లో స్పెయిన్‌లోని సెవిల్యాలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో అప్పు తీసుకున్న దేశాలకంటూ ఒక వేదిక ఉండాలని ఒప్పుకున్నారు. అప్పిచ్చినవాళ్లకి 1956 నుంచీ క్లబ్ ఉంటే వీళ్లకి ఇన్నాళ్లకి ఆ మాట వచ్చింది.

నన్నడిగితే అన్నిటికంటే ముందు రావాల్సింది చట్టం. చర్చలు సాగుతున్నంత కాలం అప్పు వాయిదాల చెల్లింపులూ కోర్టు కేసులూ ఆగేలా ఉంటే, ఆలస్యం చేయడం ఎవరికీ లాభం కాదు. ఈ దేశాల బాండ్లు ఎక్కువగా న్యూయార్క్ చట్టం కిందో ఇంగ్లండ్ చట్టం కిందో రాసి ఉంటాయి కాబట్టి ఆ రెండు చోట్ల మారితే చాలావరకు మారినట్టే. బ్రిటన్ 2010లో బాగా అప్పుల్లో ఉన్న పేద దేశాల పాత బాకీల విషయంలో, ఫండ్లు ఇంగ్లండ్ కోర్టుకెళ్లి పూర్తి సొమ్ము రాబట్టుకోకుండా ఒక చట్టం చేసింది. దాన్ని కొత్త అప్పులకి కూడా వర్తింపజేయాలి.