టైమ్‌స్టాంప్‌ను తేదీగా మార్చే కోడ్‌లో సంవత్సరం మార్చి 1న ఎందుకు మొదలవుతుంది?

అలా మొదలుపెడితే ఫిబ్రవరి 29 సంవత్సరం చివరి రోజు అవుతుంది, దానివల్ల మిగతా నెలల లెక్క చెదరదు.

యునిక్స్ టైమ్‌స్టాంప్ అంటే 1970 జనవరి 1 అర్ధరాత్రి (యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం) నుంచి లెక్కించిన సెకన్లు. 86,400తో భాగిస్తే రోజులు వస్తాయి. చిక్కంతా ఆ తర్వాతే. జనవరితో మొదలుపెడితే, ఫిబ్రవరికి ఎన్ని రోజులో తేలనిదే తర్వాతి నెలలు ఎక్కడ మొదలవుతాయో చెప్పలేం. మార్చితో అయితే నెలలు మొదలయ్యే స్థానాలు (మార్చి 1ని 0గా లెక్కపెడితే) ఎప్పుడూ మారవు: మార్చికి 0, ఏప్రిల్‌కు 31, మేకు 61, చివరన ఫిబ్రవరికి 337. ఈ స్థానాల పట్టిక కూడా అక్కర్లేదు. మార్చిని 0గా తీసుకుని, నెల సంఖ్యను 153తో గుణించి, 2 కలిపి, 5తో భాగించి పూర్ణాంకం తీసుకుంటే చాలు, ఆ నెల మొదలయ్యే స్థానం వస్తుంది. నిజంగా అందమైన సూత్రం ఇది.

ఉదాహరణకు 951782400ను తీసుకుందాం. భాగిస్తే 11,016 రోజులు. 1999 మార్చి 1ని 0గా లెక్కపెడితే ఇది 365వ స్థానం. అందులోంచి 337 తీసేస్తే 28. తేదీలు 1తో మొదలవుతాయి కాబట్టి 29. అంటే 2000 ఫిబ్రవరి 29.

నాలుగుతో భాగించబడే ప్రతి సంవత్సరం లీపు అనుకోవడమే ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. 1970 నుంచి 2099 వరకు ఆ నియమం సరిపోతుంది, అందుకే తప్పు బయటపడదు. 2100 లీపు సంవత్సరం కాదు. ఈ సెకన్లను రుణ సంఖ్యలు లేని 32 బిట్ల కౌంటర్‌లో దాచితే అది 2106 దాకా నడుస్తుంది కనుక, ఆ కోడ్ 2100 ఫిబ్రవరి తర్వాత ఒక రోజు తప్పు చూపిస్తుంది.