అచ్చు తీసే ముందు

తల్లీ, ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నువ్వు చెక్కిన ఆ సినిమా నటుడి తల చాలా బాగా కుదిరింది. ఆరో వంతు కొలతలో, అంటే దాదాపు 30 సెంటీమీటర్ల బొమ్మకు అమర్చే తలలో, కనురెప్ప ముడత కాస్త మందమైనా మనిషి మారిపోతాడు. నీ పని చూసినవాళ్లు ఎవరైనా ఆ నటుడి పేరు తడుముకోకుండా చెబుతారు. పోలిక కుదరకపోయి ఉంటే నీకీ సందేహమే వచ్చేది కాదు.

"చాలామంది అడుగుతున్నారు, రెజిన్‌లో (పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవంలో) పోతపోసి అమ్మవచ్చా?" అన్నావు. చట్టం సంగతి అడిగావో, న్యాయం సంగతి అడిగావో నీ ఉత్తరంలో తేలలేదు. మన రంగంలో ఎక్కువమంది ఈ రెండూ వదిలేసి మూడోది అడుగుతారు: దొరికిపోతామా? ఇంట్లో కూర్చుని నాలుగు తలలు అమ్ముకునేవాళ్ల జోలికి పెద్ద నటుల లాయర్లు రావడం అరుదు. ఖర్చు గిట్టదు. అందుకే ఆ ప్రశ్నతో నీకు పనికొచ్చేది ఏమీ తేలదు.

నేనైతే ఇలా ఆలోచిస్తాను. నీ అల్మరాలో పెట్టుకోవడానికి ఎవరి ముఖం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. తెలిసిన ముఖాలు చేస్తూనే చేయి తిరుగుతుంది. ఎవరో ఒకరు అడిగితే ఒక్కటి చేసి, పట్టిన రోజులకు కూలి తీసుకున్నా నేను పెద్దగా తప్పు పట్టను, చట్టం పట్టవచ్చు. సిలికాన్‌లో అచ్చు తీసిన క్షణం నుంచి మాత్రం లెక్క మారుతుంది. ఆ తర్వాత ఒక్కో తలకు నువ్వు పడే శ్రమ కొద్దిసేపటి పని, వచ్చే ధర మాత్రం తగ్గదు. మరి ఆ ధర దేనికి? ఇదే నైపుణ్యంతో, ఇదే ఓపికతో ఊరూ పేరూ లేని ముఖం ఒకటి చెక్కి పెట్టు. ఇప్పుడు అడుగుతున్నవాళ్లలో ఎంతమంది మిగులుతారో చూడు. మిగిలినవాళ్లు నీ పనితనం కోసం వచ్చినవాళ్లు. వెళ్లిపోయినవాళ్లు ఇవ్వబోయిన డబ్బు ఆ నటుడి ముఖం తెచ్చింది.

కోర్టులు కూడా ఇంచుమించు ఈ దారినే నడిచాయి. అమెరికాలో 1953లో బేస్‌బాల్ ఆటగాళ్ల ఫొటో కార్డులను చూయింగ్‌గమ్‌తో కలిపి అమ్మే కంపెనీల తగాదాలో, తన ఫొటోకున్న ప్రచార విలువ మీద ఆటగాడికి హక్కుందని న్యాయస్థానం తేల్చింది. మనకు ఎక్కువగా వర్తించేది 2001 నాటి తీర్పు. గ్యారీ సాడెరప్ అనే చిత్రకారుడు 'త్రీ స్టూజెస్' హాస్యనటులను బొగ్గుతో గీసి, ఆ బొమ్మను టీ షర్టుల మీద అచ్చువేసి అమ్మాడు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అడిగింది ఒక్కటే: ఇందులో కళాకారుడు తనదిగా చేర్చింది ఎక్కువా, ఉన్న రూపాన్ని దింపింది ఎక్కువా? సాడెరప్ ఓడిపోయాడు. అతని చేతిలో నేర్పు లేదని ఎవరూ అనలేదు, గమనించు. రెండేళ్ల తర్వాత అదే కోర్టు ముందుకు వచ్చిన మరో కేసులో, ఇద్దరు సంగీత సోదరులను సగం మనిషి, సగం పురుగుగా మార్చి గీసిన కామిక్స్ వాళ్లు గెలిచారు. మనం గొప్పగా చెప్పుకునే అచ్చుగుద్దిన పోలికే ఆ కొలబద్ద ముందు మనల్ని ఓడిస్తుంది. నాకు ఇందులో కొంచెం బాధ ఉంది, కానీ తర్కంలో లోపం కనిపించదు. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. ఢిల్లీ హైకోర్టు కూడా 2010లో గాయకుడు దలేర్ మెహందీని పోలిన పాడే బొమ్మల విషయంలో ఆయన పక్షమే వహించింది.

"నేను చేసింది నటుణ్ని కాదు, పాత్రను" అనే వాదన నువ్వూ వినే ఉంటావు. పాత్ర నిర్మాణ సంస్థది, ముఖం మనిషిది. 'చీర్స్' అనే టీవీ ధారావాహికలోని ఇద్దరు తాగుబోతు పాత్రల పోలికతో విమానాశ్రయాల బార్లలో కదిలే బొమ్మలు పెట్టారు. పెట్టినవాళ్ల దగ్గర ఆ ధారావాహిక హక్కులున్న పారమౌంట్ సంస్థ ఇచ్చిన లైసెన్సు ఉంది. అయినా ఆ పాత్రలు వేసిన నటులు కోర్టుకు వెళ్లారు, వాళ్ల వాదనను కొట్టేయడానికి వీల్లేదని 1997లో అప్పీలు కోర్టు చెప్పింది. లైసెన్సు ఉన్నవాళ్ల పరిస్థితే అది.

ఇక పెట్టె మీద అసలు పేరు వేయకుండా "అంతరిక్ష దొంగ", "గోతం వీరుడు" (గోతం అంటే బ్యాట్‌మన్ ఉండే నగరం) అని మారుపేర్లు పెట్టే అలవాటు. అది చూస్తే నాకు నవ్వొస్తుంది. చేసేది సరైనదే అనుకునేవాడికి పేరు దాచే పనేముంది? లాభంలో కొంత దానం చేస్తామనడం కూడా అలాంటిదే. మార్టిన్ లూథర్ కింగ్ ప్లాస్టిక్ ప్రతిమలు అమ్మిన కంపెనీ, ఆయన పేరిట ఉన్న సంస్థ ఒప్పుకోకపోయినా, కొంత సొమ్ము ఆ సంస్థకే ఇస్తామంటూ ముందుకు పోయింది. అమెరికాలోని జార్జియా రాష్ట్ర సుప్రీంకోర్టు 1982లో తన రూపం మీద ఆయనకున్న హక్కు మరణంతో పోలేదని తేల్చింది.

చనిపోయినవాళ్ల విషయంలో నేను చట్టం కంటే కాస్త కఠినంగా ఉంటాను. స్టీవ్ జాబ్స్ పోయిన మూడు నెలలకే ఒక చైనా కంపెనీ ఆయన బొమ్మను ప్రకటించింది. కళ్లద్దాలు, నల్ల చొక్కాతో సహా మన ఆరో వంతు కొలతే. పనితనం అద్భుతం. లాయర్ల ఒత్తిడి వచ్చింది. చట్టాన్ని మీరలేదనే తమ నమ్మకమని చెబుతూనే, ఆ కుటుంబం మనసు నొప్పించలేమని 2012 జనవరిలో దాన్ని విరమించుకున్నారు. ఆ మాటలో ఎంత నిజముందో గాని, తలచుకోవలసింది ఆ కుటుంబాన్నే. దుఃఖం ఆరని ఇంటివాళ్లకు ఆ ముఖం అమ్మకంలో ఎదురుపడకూడదు.

నువ్వు అడగనిది ఇంకొకటి ఉంది. విడి తల అమ్మితే దానికింద ఏ ఒళ్లు పెడతారో నీ చేతిలో ఉండదు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ గవర్నరుగా ఉన్నప్పుడు ఆయన చేతికి తుపాకీ ఇచ్చి తల ఊపే బొమ్మ చేశారు. ఆయన కంపెనీ 2004లో దావా వేసింది, చివరికి తుపాకీ తీసేసి రాజీపడ్డారు. అదైనా నవ్వులాట. బతికున్న నటి ముఖాన్ని బట్టల్లేని ఒంటికి తగిలించేవాళ్లు ఉన్నారు. అటువంటి కొనుగోలుదారుణ్ని నువ్వు ముందుగా గుర్తుపట్టలేవు. పిల్లల ముఖాలూ, ప్రజాజీవితంలో లేని మామూలు మనుషుల ముఖాలూ ఎవరు ఎంతిస్తానన్నా ముట్టుకోకు.

అమ్మడం మొదలుపెడితే నీకు రీకాస్ట్ బెడద తప్పదు. ఎవరో నీ తల ఒకటి కొని, దాని మీద అచ్చు తీసి సగం ధరకు అమ్ముతారు. నీకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా, ఎందుకంటే వాడు నీలా రాత్రుళ్లు మేలుకుని చెక్కలేదు. అయితే వాడి మీద నువ్వు చేసే ఫిర్యాదును కాగితం మీద రాసి, నీ పేరు ఉన్నచోట ఆ నటుడి పేరు పెట్టి చదివి చూడు. ఎన్ని వాక్యాలు కొట్టేయాల్సి వస్తుందో నాకు చెప్పు.

పెద్ద నటులకు దీనివల్ల నష్టమేమీ లేదంటావా? డబ్బు లెక్కన చాలాసార్లు నిజమే. కానీ చిన్న పాత్రలు వేసేవాళ్లకు ఆ నాలుగు రూపాయలు లెక్కే. వాళ్లనైతే అడగడమూ సులువు. మేనేజరుకు ఫొటోలు పంపి, ఎన్ని చేస్తావో, ఎంత ఇస్తావో రాసి అడుగు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు.

చేయదగిన పని చాలా ఉంది. లైసెన్సుతో వచ్చిన తలలు కొని, రంగు చెరిపి మళ్లీ వేసి అమ్ము. ఆ ముఖానికి ముట్టాల్సింది అప్పటికే ముట్టింది. సొంత ముఖాలు సృష్టించు. శతాబ్దాల నాటి చారిత్రక వ్యక్తులు ఉన్నారు. అన్నిటికంటే ముందు, ఈ తల ఫొటోలను లైసెన్సుతో బొమ్మలు చేసే సంస్థలకు పంపు. వాళ్లకు కావలసింది పోలిక పట్టగల శిల్పులే. నీ దరఖాస్తుకు ఇంతకంటే మంచి నమూనా ఉండదు.

అడ్వాన్సు పంపినవాళ్లకు ఈ వారంలోనే తిప్పి పంపెయ్యి. కారణం సూటిగా చెప్పు, నటుడి తరఫున నోటీసు వచ్చిందని అబద్ధం ఆడకు. ఇంకో మాట, ఎడమ చెవి కాస్త కిందికి దిగింది. రంగు వేసేలోపు సరిచెయ్యి.

నీ పెద్దమ్మ