అటక మీద దొరికిన రీళ్లు

ప్రశ్న: మా నాన్నగారు తెనాలిలో ఫొటో స్టూడియో నడిపేవారు. ఆయన పోయాక అటక మీది ట్రంకుపెట్టెలో మూడు 35 ఎం.ఎం. రీళ్లు దొరికాయి. రెండు 200 ఐఎస్ఓ కలర్ రీళ్లు, సీలు తీయనివి, గడువు 2004. మూడోది ‘ఇందు’ నలుపు తెలుపు రీలు. దానికి పెట్టె లేదు, ఫిల్ము కొస కూడా బయటికి కనిపించడం లేదు. వీటితో నాన్నగారి కెమెరాలోనే ఫొటోలు తీయవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కలర్ రీళ్లతో తీయవచ్చు. మూడో రీలును మాత్రం దయచేసి కెమెరాలో ఎక్కించకండి. కొత్త రీలుకు నాలుకలాంటి కొస బయట ఉంటుంది. ఫొటోలన్నీ తీసి వెనక్కి చుట్టినప్పుడే సాధారణంగా అది డబ్బాలోకి పోతుంది. కాబట్టి అది మీ నాన్నగారు తీసి, కడగకుండా ఉంచిన రీలు అయ్యే అవకాశమే ఎక్కువ. దాని మీద మళ్లీ తీస్తే ఆయన తీసిన బొమ్మలూ మీరు తీసినవీ ఒకదాని మీద ఒకటి పడి రెండూ పాడవుతాయి.

ఇన్నేళ్ల తరువాత అందులో ఏముంటుందని నిరాశ పడనక్కరలేదు. 1897లో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరి మరణించిన స్వీడన్ వాసి ఆంద్రే బృందం ఫిల్ము 1930లో మంచులో దొరికినప్పుడు, స్టాక్‌హోంలో దానిని కడిగితే 240 ఫొటోలలో 93 దక్కాయి. అక్కడ ఫిల్మును కాపాడింది చలి. మీ అటక మీద ఎన్నో వేసవులు గడిచాయి కనుక అంత స్పష్టత రాకపోవచ్చు, కానీ నలుపు తెలుపు ఫిల్ము కలర్ కంటే గట్టిది. ఊటీలో ‘ఇందు’ను తయారు చేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడినా, ఆ రీలును మామూలు నలుపు తెలుపు డెవలపర్‌లోనే కడగవచ్చు. రీలు పాతదని ల్యాబ్ వారికి ముందే చెప్పండి.

ఇక కలర్ రీళ్ల సంగతి. వేడికీ తేమకూ ఫిల్ములోని వెండి లవణాలు వెలుతురు తగలకుండానే కొంత చెడి, కడిగినప్పుడు నెగెటివ్ అంతటా పొగలాంటి మసక పరుచుకుంటుంది. ఐఎస్ఓ అంకె చెప్పే ఫిల్ము వేగమూ, అంటే వెలుతురును పట్టే శక్తీ, తగ్గుతుంది. నీడల్లోని వివరాలు ముందుగా ఆ మసకలో కలిసిపోతాయి కాబట్టి, వాటిని పైకి తేవాలంటే ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. పదేళ్లకు ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) అన్నది ఫొటోగ్రాఫర్లు పాటించే ఉజ్జాయింపు లెక్క. ఆ లెక్కన కెమెరాలో ఐఎస్ఓ 200 ఉన్న చోట రెండు స్టాప్‌లు తగ్గించి 50 పెట్టుకోండి. అటక వేడిని బట్టి కొన్ని ఫ్రేములను 25తోనూ తీయండి. డబ్బా మీది నలుపు, వెండి గళ్లను చదివి వేగాన్ని తనంతట తానే పెట్టుకునే కెమెరా అయితే, ఎక్స్‌పోజర్ సవరణను ప్లస్ రెండుకు తిప్పితే సరిపోతుంది. ల్యాబ్‌లో మాత్రం మామూలుగానే కడగమనండి. ఎక్కువసేపు కడిగితే బొమ్మతో పాటు మసకా పెరుగుతుంది.

ఇలాంటి ఒక రీలులో నేను మా పెరటి జామచెట్టును ఒకే చోటి నుంచి 200, 100, 50 చొప్పున మూడుసార్లు తీశాను. నెగెటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే మొదటి ఫ్రేములో ఆకుల కింది నీడ ఎక్కడుందో పోల్చుకోలేకపోయాను; మూడో దానిలో కొమ్మలు కూడా విడివిడిగా కనిపించాయి. రంగులు మాత్రం ఊదా వైపు ఒరిగాయి, ఎందుకంటే ఫిల్ములోని మూడు రంగుల పొరలూ ఒకే తీరున ముసలివి కావు. స్కానింగులో కొంత సరిదిద్దుకోవచ్చు.

ఒక రీలును ఇలా పరీక్షకే కేటాయించండి, అది చూశాకే రెండోది ఎక్కించండి. ఇంట్లో పెళ్లినో, పసిబిడ్డ అన్నప్రాశననో వీటిని నమ్ముకొని తీయవద్దు. అన్నిటికంటే ముందు ‘ఇందు’ రీలును కడిగించండి; నెగెటివ్‌లు ఎంత మసకగా వచ్చినా ల్యాబ్‌లో వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.