పిల్లల పెంపకంలో తేడా తల్లిదండ్రుల స్వభావం వల్లా, ఇంటి స్థితి వల్లా?

ఒకే తరగతిలో కొందరు పిల్లలు టీచర్లతో ధైర్యంగా మాట్లాడతారు, కొందరు నోరు విప్పరు. ఇది తల్లిదండ్రుల స్వభావాన్ని బట్టి వస్తుందా, ఇంటి ఆర్థిక స్థితిని బట్టి వస్తుందా అని అడిగారు. స్వభావం అసలు లెక్కలోకి రాదని అనను. కానీ నేను కార్మికుడి ఇంట్లో పెరిగాను, మా ఆయన పెద్ద ఉద్యోగి ఇంట్లో పెరిగారు. ఇప్పుడు ఇద్దరం కలిసి ఒక పాపను పెంచుతున్నాం. ఆ రెండు ఇళ్ళ తేడా మాకు రోజూ ఎదురవుతూనే ఉంటుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా చూపు మందగించింది. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉండేవి. ముందు బెంచీలో కూర్చుంటానని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఏడాదంతా అడగలేదు. పక్కనమ్మాయి నోట్సులోకి తొంగిచూసి రాసుకునేదాన్ని. ఒకసారి ఆ అమ్మాయి రాసిన తప్పును కూడా అలాగే ఎక్కించి, కాపీ కొట్టానని తిట్లు తిన్నాను. అప్పుడైనా కారణం చెప్పాలని తోచలేదు. 'పెద్దవాళ్ళను విసిగించకు, చెప్పింది చెయ్యి' అన్న మాట ఇంట్లో విని విని పెరిగాను మరి.

ఆ మాటలో ప్రేమ లేదని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. నాన్న పనిచేసే చోట ఎదురు ప్రశ్న వేసినవాడికి మర్నాడు పని ఉంటుందన్న నమ్మకం లేదు. తనను కాపాడిన జాగ్రత్తనే ఆయన నాకూ నేర్పారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మెల్విన్ కోన్ 1969లో ప్రచురించిన పరిశోధనలో ఇదే విషయం ఉంది. పైవాళ్ళు చెప్పినట్టు నడుచుకోవాల్సిన పనుల్లో ఉన్నవాళ్ళు పిల్లలు మాట వినాలని ఎక్కువగా కోరుకుంటారు. సొంతంగా నిర్ణయాలు తీసుకునే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, పిల్లలు తమంతట తాము ఆలోచించాలని కోరుకుంటారు. ఎవరి బతుకులో ఏది పనికొస్తే దాన్నే పిల్లలకు ఇస్తున్నారన్నమాట.

2003లో అనెట్ లారో అనే మరో అమెరికన్ పరిశోధకురాలు, తొమ్మిది పదేళ్ళ పిల్లలున్న పన్నెండు కుటుంబాలను ఇళ్ళకు వెళ్ళి మరీ దగ్గరగా చూసి రాశారు. మధ్యతరగతి ఇళ్ళలో క్లాసులు, ఆటల కోచింగులు, ప్రతిదానికీ చర్చ. కార్మికుల, పేదల ఇళ్ళలో పిల్లలకు ఖాళీ సమయం ఎక్కువ, చుట్టాల పిల్లలతో ఆటలు ఎక్కువ. పెద్దవాళ్ళు ఒక మాట చెబితే అదే ఆఖరు. అలా పెరిగిన పిల్లలు తమ ఆటలు తామే కల్పించుకుంటారని, బోర్ కొడుతోందని తక్కువగా అంటారని కూడా ఆవిడ గమనించారు. ఇది నేను కళ్ళు మూసుకుని ఒప్పుకుంటాను. మా పాపకు అరగంట ఖాళీ దొరికితే ఏం చేయాలో తోచదు. మాకు సాయంత్రాలు సరిపోయేవి కావు.

అయితే బడి, బ్యాంకు, ఆఫీసు నడిచేది మధ్యతరగతి వాళ్ళ పద్ధతిలోనే. చిక్కంతా అక్కడే వస్తుంది.

పేదపిల్లలకు ఓపిక తక్కువ అనే మాట కూడా తరచుగా వింటుంటాను. 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 28 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ముందుగా మంచి రంగులు, స్టిక్కర్లు తెచ్చిస్తామని చెప్పి, సగం మందికి తెచ్చిచ్చారు, మిగతావాళ్ళకు లేవని చెప్పేశారు. తర్వాత ప్రతి ఒక్కరి ముందూ ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే ఇంకొకటి ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర ఆగింది 3 నిమిషాలే. అది చదివినప్పుడు నాకు నాన్న గుర్తొచ్చారు. 'వచ్చే నెల సైకిల్ కొందాం' అని ఎన్ని నెలలు అన్నారో. ఆయన అబద్ధం చెప్పలేదు. నెలాఖరుకు డబ్బు మిగిలేది కాదు, అంతే. కొన్నాళ్ళకు నేను ఎదురుచూడటం మానేశాను.

పోయిన నెల మా పాప లెక్కల పేపర్‌లో జవాబు సరిగ్గా ఉన్నా రెండు మార్కులు తగ్గాయి. 'పోనీలే, టీచర్‌తో ఎందుకొచ్చిన గొడవ' అన్నాను. నిజంగానే నా గుండె దడదడలాడింది. మా ఆయనకు నా భయమే అర్థం కాలేదు. పాపను ఎదురుగా నిలబెట్టి, తాను టీచర్‌లా కూర్చుని, 'మేడమ్, ఇది ఎక్కడ తప్పయిందో చెప్తారా' అని నాలుగైదుసార్లు అనిపించారు. మొదటిసారి నేలచూపులు చూస్తూ అంది. చివరికి తలెత్తి అంది. ఆ మాటలు ఆమెతో పాటు నేనూ మనసులో అనుకున్నాను. మీ ఇంట్లోనూ అడగడానికి జంకే పిల్లలుంటే ఇలా ముందే అనిపించి చూడండి. నాకు చిన్నప్పుడు ఎవరూ అలా అనిపించలేదు, అనిపించవచ్చని మా వాళ్ళకు తెలియదు.

మార్కులు కలిపారు. ఆ సాయంత్రం పాప తాతయ్యకు, అంటే మా నాన్నకు, ఫోన్ చేసి గొప్పగా చెప్పుకుంది. ఆయన అంతా విని, 'టీచరమ్మ కోప్పడలేదా?' అన్నారు. లేదంది. కాసేపాగి మళ్ళీ అదే అడిగారు.